పిచ్చుకకు పిచ్చుకంతే తూటా!

తుపాకీ పట్టిన ఆడమనిషి అనగానే మనకు సినిమాల్లోని బందిపోటు రాణులే గుర్తొస్తారు. నల్లటి దుస్తులు, నుదుట పెద్ద బొట్టు, కళ్లల్లో నిప్పులు! ఆనీ ఓక్లీ అలాంటి మనిషి కాదు. ఎత్తు ఐదడుగులు. తన గౌన్లు తనే కుట్టుకునేది. తీరిక దొరికితే గుడారంలో కూర్చుని ఎంబ్రాయిడరీ చేసుకునేది. అలాంటి ఆవిడ అమెరికాలోనూ, యూరప్‌లోనూ వేలాది జనం ఎదుట తుపాకీ ఎత్తేది. భర్త వేళ్ల మధ్య పట్టుకున్న పది సెంట్ల నాణేన్ని తూటాతో ఎగరగొట్టేది. ఆయన వేలికి గీత కూడా పడేది కాదు!

ఎలాగంటారా? గురి ఒక్కటే కాదు. ఏ పనికి ఏ తుపాకీ ఎత్తాలో, ఆ తుపాకీలో ఎంత తూటా పెట్టాలో ఆవిడకు బాగా తెలుసు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేయకూడదని మన పెద్దలంటారు. ఆ మాట ఆనీ చెవిన పడే అవకాశం లేదు. కానీ బతుకంతా ఆవిడ చేసి చూపించింది అదే.

గోడమీది తుపాకీ

ఆనీ అసలు పేరు ఫీబీ ఆన్. ఇంటిపేరు మోజీ. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డార్క్ కౌంటీలో 1860 ఆగస్టు 13న పుట్టింది. చుట్టూ అడవి, మధ్యలో చెక్కలతో కట్టిన ఇల్లు. 1866లో తండ్రి జేకబ్ చనిపోయాడు. మంచు తుపానులో చిక్కుకుని ఇల్లు చేరిన మనిషి మళ్లీ కోలుకోలేదు. అప్పటికి ఆనీకి ఆరేళ్లయినా నిండలేదు. తల్లి సూసన్ చేతిలో ఇంటినిండా పిల్లలు, అప్పులు తప్ప మరేమీ మిగల్లేదు.

ఎనిమిదేళ్ల వయసులో ఒకరోజు పొయ్యిగూడు పైన వేలాడుతున్న తండ్రి తుపాకీని దించి, ఒక ఉడతను కొట్టానని ఆనీ పెద్దయ్యాక చెప్పుకునేది. తల్లి కోప్పడింది. అయినా ఆ పూట ఇంట్లో కూర ఉడికింది!

ఆ సంతోషం ఎంతో కాలం నిలవలేదు. ఇల్లు గడవక తల్లి ఈ పిల్లను కౌంటీ అనాథాశ్రమంలో చేర్చింది. అక్కడి అధికారి భార్య ఆనీకి కుట్టుపని నేర్పింది. తర్వాత ఒక రైతు కుటుంబం వచ్చి, వారానికి 50 సెంట్లు జీతమిస్తామనీ, చదువు చెప్పిస్తామనీ చెప్పి తీసుకెళ్లింది. జీతమూ లేదు, చదువూ లేదు. తెల్లవారుజామున లేచి వంట, పాలు పితకడం, గిన్నెలు, పసిపిల్లను ఆడించడం... అన్నీ ఆనీయే చెయ్యాలి. ఒకరాత్రి మేజోళ్లు కుడుతూ నిద్రలోకి జారుకుందని ఇంటావిడ చెంపదెబ్బలు కొట్టి, చెప్పుల్లేని కాళ్లతో మంచులోకి గెంటింది. ఆ కుటుంబం పేరు ఆనీ తర్వాతెప్పుడూ బయటపెట్టలేదు. తోడేళ్లు అని మాత్రం అనేది. రెండేళ్లు భరించి, ఒకరోజు పారిపోయింది.

పదిహేనో ఏట తల్లి దగ్గరకు తిరిగొచ్చిన ఆనీ మళ్లీ తుపాకీ అందుకుంది. ఈసారి ఒక్క కూరకోసం కాదు, బతుకుతెరువు కోసం. కొట్టిన కౌజుపిట్టల్ని, కుందేళ్లను దగ్గరి గ్రీన్‌విల్ పట్నంలోని దుకాణానికి అమ్మేది. అక్కడినుంచి అవి పెద్ద ఊళ్లలోని హోటళ్లకు వెళ్లేవి. ఆనీ పంపిన వేటకు గిరాకీ ఎక్కువ. ఎందుకో తెలుసా? ఆవిడ తలకు గురిచూసి కొట్టేది. మాంసం చెడేది కాదు. తినేవాళ్ల పంటికింద సీసపు గుళ్లు పడేవి కాదు. ఎక్కడ కొట్టాలి, ఎంతలో కొట్టాలి అన్న లెక్క ఆవిడకు అక్కడే ఒంటబట్టింది. ఆ సంపాదనతోనే తల్లి ఇంటిమీదున్న 200 డాలర్ల తాకట్టు అప్పు తీర్చేసింది. అప్పటికి ఇంకా పెళ్లికాని పిల్ల!

పందెంలో ఓడిన పెళ్లికొడుకు

ఊరూరా తిరుగుతూ తుపాకీ ప్రదర్శనలిచ్చే ఫ్రాంక్ బట్లర్ ఒకసారి సిన్సినాటి వైపు వచ్చాడు. ఐర్లండ్‌నుంచి వలస వచ్చిన మనిషి. స్థానికుల్లో ఎవరొచ్చినా గెలుస్తానని పందెం కాశాడు. తీరా చూస్తే ఎదుట నిలబడింది పొట్టి గౌను వేసుకున్న సన్నటి పిల్ల. నవ్వుకునే ఉంటాడు. ఇద్దరికీ చెరో 25 గురులు. చివరికి ఫ్రాంక్ ఒక్కటి తప్పాడు. ఆనీ ఒక్కటీ తప్పలేదు.

ఓడిపోయిన మగవాడు ఏం చేస్తాడు? అలిగి వెళ్లిపోతాడు, లేదా సాకులు చెబుతాడు. ఫ్రాంక్ ఆ పిల్లకు ప్రదర్శన టిక్కెట్లు పంపాడు, కవితలు రాసి పంపాడు, చివరికి పెళ్లి చేసుకున్నాడు! 1882లో ఫ్రాంక్ జతగాడికి జబ్బు చేస్తే ఆనీ వేదిక ఎక్కింది. తనకంటే భార్య గురి గొప్పదని, జనం చూడ్డానికి వచ్చేదీ ఆవిణ్నేనని ఫ్రాంక్‌కు త్వరలోనే అర్థమైంది. తాను పక్కకు తప్పుకుని ఆమె మేనేజరయ్యాడు. తుపాకులు శుభ్రం చేయడం, గాజుబంతులు ఎగరేయడం, ఒప్పందాలు చూసుకోవడం ఆయన పని. దీనికోసం ఆయన ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు.

పెళ్లయ్యాక ఫ్రాంక్ ఆవిడకు చదవడం, రాయడం బాగా వచ్చేలా నేర్పాడు. చిన్నప్పుడు తోడేళ్లు ఎగ్గొట్టిన చదువు అలా తీరింది.

సూదికి నంబరున్నట్టే...

ఇక్కడ తుపాకీ సంగతి కాస్త చెప్పుకుందాం. కష్టమేం కాదు. కుట్టుమిషన్ తెలిసినవాళ్లకైతే మరీ తేలిక. పల్చటి బట్టకు ఒక నంబరు సూది, మందపాటి బట్టకు ఇంకో నంబరు సూది వాడతాం కదా! సన్నబట్టకు లావు సూది పెడితే బట్ట చిరుగుతుంది. దుప్పటికి సన్నసూది పెడితే సూది విరుగుతుంది. తుపాకీ తూటాకూ అలాంటి కొలతే ఉంది. దాన్నే కాలిబర్ అంటారు. గొట్టం లోపలి వెడల్పును, అంటే అందులోంచి వెళ్లే గుండు లావును చెప్పే కొలత అది. .22 అంటే అంగుళంలో వందో వంతులు 22 అన్నమాట. మన లెక్కలో ఐదున్నర మిల్లీమీటర్లకు కొంచెం పైన. .44 అంటే దానికి రెట్టింపు లావు.

ఆ రోజుల్లో అమెరికాలో చాలామంది ఇళ్లలో లీవర్ రైఫిల్ ఉండేది. దాని ట్రిగ్గర్ చుట్టూ ఇనుప కడియంలాంటి మీట ఉంటుంది. దాన్ని కిందికి నెట్టి మళ్లీ పైకి లాగితే చాలు, కాలిన తూటా డొప్ప బయటపడుతుంది, గొట్టం కిందున్న ఇంకో గొట్టంలోంచి కొత్త తూటా వచ్చి కూర్చుంటుంది. ఒక్కొక్క తూటాను చేత్తో నింపుకునే బాధ లేదు. వించెస్టర్ కంపెనీ 1873లో తెచ్చిన లీవర్ రైఫిల్ బాగా పేరుమోసింది. దానికి మొదట వచ్చిన తూటా .44-40. మొదటి అంకె గుండు లావు. రెండోది తుపాకీ మందు బరువు, 40 గ్రెయిన్లు. గ్రెయిన్ అనేది చాలా చిన్న తూకం. పదిహేనున్నర గ్రెయిన్లు కలిస్తేగానీ ఒక గ్రాము కాదు.

తర్వాత అదే రైఫిల్ .38-40లోనూ, .32-20లోనూ, ఆపైన చిట్టి .22లోనూ వచ్చింది. అంటే కొనేవాళ్లకు ఎంపిక మొదలైంది! జింకలకోసం అడవికి వెళ్లేవాళ్లు .44 తీసుకునేవాళ్లు. అదే తూటా పట్టే రివాల్వర్ కూడా దొరికేది కాబట్టి, నడుముకీ భుజానికీ ఒకటే తూటా సరిపోయేది. కుందేళ్లు, పిట్టలకు .32 చాలు. డబ్బాలు, సీసాలు పెట్టి గురి నేర్చుకునేవాళ్లకు .22. పెద్ద తూటా అంటే పెద్ద ఖర్చు, పెద్ద చప్పుడు, భుజానికి పెద్ద తన్ను. .44-40 గుండు బరువు 200 గ్రెయిన్లు. .22లో లాంగ్ రైఫిల్ అనే రకం గుండు 40 గ్రెయిన్లు. ఐదో వంతు! తన్నూ బాగా తగ్గుతుంది.

ఆనీ దగ్గర చాలా తుపాకులుండేవి. ఎగిరే పిట్టలకూ, గాజుబంతులకూ షాట్‌గన్. నాణేలు, పేకముక్కల్లాంటి సన్నటి పనులకు ఆమె చేతిలో ఎక్కువగా కనిపించింది .22. మార్లిన్ కంపెనీ 1891లో తెచ్చిన .22 లీవర్ రైఫిల్‌తో ఆవిడ 12 గజాల దూరంనుంచి 27 సెకన్లలో 25 తూటాలు ఒకే చిల్లులోంచి పంపిందని ఆ కంపెనీ ఎంతో గొప్పగా చెప్పుకుంది. తుపాకీ ప్రతిసారీ భుజాన్ని తన్ని పైకి లేస్తుంటే అది అయ్యే పని కాదు. అందుకే చిన్న తూటా. ఆ చిన్నతనం బలహీనత కాదు, తెలివి.

గురి వెనక ఎవరున్నారు?

1885లో ఆనీ, ఫ్రాంక్ ఇద్దరూ బఫెలో బిల్ నడిపే వైల్డ్ వెస్ట్ ప్రదర్శనలో చేరారు. గుర్రాలు, అడవిదున్నలు, కౌబాయ్‌లు, రెడ్ ఇండియన్లని అప్పట్లో పిలిచిన ఆదివాసీలు... సర్కస్‌కు పెద్దన్నలాంటి ప్రదర్శన అది. అంతకు ముందు ఏడాదే సెయింట్ పాల్ నగరంలో లకోటా తెగ నాయకుడు సిట్టింగ్ బుల్ ఆనీ ఆట చూశాడు. ముచ్చటపడి కూతురిగా దత్తత చేసుకుని, గురి తప్పని చిన్నది అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. తెల్లవాళ్ల సైన్యంతో పోరాడిన ఆ తెగల చేతుల్లోనూ లీవర్ రైఫిళ్లు ఉండేవి. వాళ్ల నేలను లాక్కోవడానికి వచ్చినవాళ్ల చేతుల్లోనూ అవే. అలాంటి ఇనుప వస్తువు మధ్య నుంచే ఒక ముసలి నాయకుడికీ, తండ్రి లేని పిల్లకూ అంత అనుబంధం పుట్టింది!

ప్రదర్శనలో గుర్రమెక్కి దౌడు తీస్తూ గాలిలోకి ఎగిరే గాజుబంతుల్ని పగలగొట్టడం పెద్ద ఆకర్షణ. మరి తూటా తప్పితే? చుట్టూ వేలమంది జనం. చిన్నదే కదా అనుకునే .22 లాంగ్ రైఫిల్ గుండు కూడా మైలు దాటి పోగలదు. .44 సంగతి చెప్పనక్కర్లేదు. అందుకని బఫెలో బిల్ వించెస్టర్ లీవర్ రైఫిల్ పైకి మామూలుగానే కనిపించినా, దాని గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండును బొంగరంలా తిప్పి దూరం పంపే గాళ్లు అందులో లేవు. తూటాలో ఒక్క పెద్ద గుండుకు బదులు ఇసుక రవ్వల్లాంటి సన్నటి సీసపు గుళ్లు నింపేవాళ్లు. బంతిని పగలగొట్టి, కొద్ది దూరంలోనే శక్తి పోయి రాలిపోతాయి. ఆనీకీ అలాంటి నున్నటి గొట్టం వించెస్టర్ ఒకటి ఉండేది.

ఇది మోసమని కొందరు పెదవి విరిచారు. కానీ ఆలోచించండి. తూటా ఎంచుకునేటప్పుడు ఎదురుగా ఏముందో చూస్తే సరిపోదు. దాని వెనక ఎవరున్నారో కూడా చూడాలి. పసిపిల్లల్ని ఒళ్లో పెట్టుకుని చూడ్డానికి వచ్చిన తల్లులున్న చోట పెద్ద తూటా పేల్చడం గొప్పతనం అవుతుందా?

లెక్కల కోసమే అయితే ఆనీ లెక్కలకు కొదవ లేదు. 1885లోనే ఒక్క రోజులో 5,000 గాజుబంతులకు గురిపెట్టి 4,772 పగలగొట్టింది. తుపాకులు నింపుకున్నదీ తనే! 1887లో బృందంతో లండన్ వెళ్లి విక్టోరియా మహారాణి మెప్పు పొందింది. అక్కడే చార్లెస్ లాంకాస్టర్ అనే తుపాకుల తయారీ సంస్థవాళ్లు ఆవిడ ఒడ్డూ పొడుగూ చూసి, ఇంత బరువు తుపాకీ మీకు నప్పదని, తేలికైనవి చేసిచ్చారు. మగవాళ్ల కొలతలకు చేసిన వస్తువుతో కుస్తీ పట్టడం కాదు, వస్తువే మన కొలతకు రావాలి. కుట్టుపని తెలిసిన ఆనీకి ఈ మాట వేరే చెప్పాలా? 1889లో ప్యారిస్, తర్వాత యూరప్ దేశాలెన్నో చుట్టి వచ్చింది. 1894లో ఎడిసన్ స్టూడియోలో ఆమె ఆటను సినిమా కూడా తీశారు.

ఆమె చిల్లులు పొడిచిన పేకముక్కలకు ఎంత పేరొచ్చిందంటే, చిల్లు కొట్టి ఇచ్చే ఉచిత టిక్కెట్లను అమెరికాలో ఆనీ ఓక్లీలు అని పిలవడం మొదలెట్టారు!

పరువు కోసం ఏడేళ్లు

1901 అక్టోబరు 29 తెల్లవారుజామున నార్త్ కరోలినాలో బృందం రైలు, ఎదురుగా వచ్చిన గూడ్సు బండి ఢీకొన్నాయి. వందకు పైగా గుర్రాలు చచ్చిపోయాయి. ఆనీ వెన్ను దెబ్బతింది. బఫెలో బిల్ బృందాన్ని విడిచిపెట్టింది.

అంతకంటే పెద్ద దెబ్బ 1903లో తగిలింది. మత్తుమందు కోసం దొంగతనం చేసి ఆనీ ఓక్లీ జైలుపాలైందని షికాగోలోని హెర్స్ట్ పత్రిక రాసింది. నిజానికి పట్టుబడింది ఆమె పేరు చెప్పుకున్న వేరే స్త్రీ. నిజమేమిటో విచారించుకోకుండా దేశమంతా పత్రికలు అదే వార్త అచ్చేశాయి. అప్పటికి 43 ఏళ్ల ఆనీ మర్యాదగా బతికిన ఇల్లాలు. పొగరుబోతు దుస్తులు వేసుకోలేదు, గుర్రమెక్కినా ఒకవైపు కాళ్లు పెట్టుకునే కూర్చుంది. పేరే ఆమె ఆస్తి. ఆ పేరే పోతే ఇంకేముంది?

ఊరుకోమని, రెండురోజుల్లో జనం మరచిపోతారని అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. ఆనీ ఊరుకోలేదు. 55 పత్రికల మీద దావాలు వేసింది. కోర్టునుంచి కోర్టుకు, ఊరినుంచి ఊరికి తిరిగింది. ఆమె గతంలో మచ్చ ఏదైనా దొరుకుతుందేమోనని హెర్స్ట్ మనుషులు డార్క్ కౌంటీ దాకా వెళ్లి వెతికారు. ఏమీ దొరకలేదు. 1910 నాటికి 55లో 54 కేసులు గెలిచింది. చేతికొచ్చిన పరిహారం కంటే అయిన ఖర్చే ఎక్కువ. అయినా ఆనీకి అది నష్టంగా తోచలేదు. ఇక్కడా అదే పద్ధతి. తిట్లు లేవు, శాపనార్థాలు లేవు. ఒక్కొక్క గురికి ఒక్కొక్క తూటా!

వేలమంది శిష్యురాళ్లు

ఆనీ స్త్రీల ఓటుహక్కు ఉద్యమంలోకి దిగలేదు. ప్యాంట్లు వేసుకోవడమూ ఆమెకు నచ్చలేదు. కానీ ఆడవాళ్లకు తుపాకీ రాదంటే మాత్రం ఒప్పుకునేది కాదు. 1898లో స్పెయిన్‌తో యుద్ధం వస్తుందనగా అధ్యక్షుడు మెకిన్లీకి ఉత్తరం రాసింది. గురి తప్పని 50 మంది స్త్రీలను పంపుతానని, తుపాకులు, తూటాల ఖర్చు కూడా ప్రభుత్వం మీద పడనివ్వనని తెలియజేసింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలోనూ మళ్లీ అడిగింది. మళ్లీ అదే జవాబు. సరే, రానివ్వకపోతే మానె అనుకుని, పెంపుడు కుక్క డేవ్‌ను తీసుకుని సైనిక శిబిరాల్లో ప్రదర్శనలిచ్చింది. రెడ్‌క్రాస్‌కు చందాలు పోగుచేసింది.

నార్త్ కరోలినాలోని పైన్‌హర్స్ట్‌లో 1915నుంచి కొన్నేళ్లపాటు స్త్రీలకు గురి నేర్పింది. జీవితం మొత్తంలో ఆమె దగ్గర నేర్చుకున్న స్త్రీలు 15,000 మంది ఉంటారని అంచనా. ఆడది భయపడకుండా తుపాకీ పట్టుకోగలగాలన్నది ఆమె కోరిక. గురి అభ్యాసం ఈనాటికీ చాలాచోట్ల .22తోనే మొదలవుతుంది. తన్ను లేదు, చెవులు దిమ్మెక్కే చప్పుడు లేదు. మొదటిరోజే పెద్ద తుపాకీ చేతికిస్తే కళ్లు మూసుకుని ట్రిగ్గర్ నొక్కడం అలవాటవుతుంది. ఆ అలవాటు పోగొట్టడం గురి నేర్పడం కంటే కష్టం. వంట నేర్చుకునే పిల్లకు మొదటిరోజే పెళ్లి వంట అప్పజెబుతామా?

1922లో అరవై దాటిన వయసులో ఆనీ 16 గజాలనుంచి వరసగా 100 మట్టి బిళ్లల్ని పగలగొట్టింది. అదే ఏడాది ఫ్లోరిడాలో కారు ప్రమాదంలో తుంటి విరిగింది. కాలికి ఇనుప పట్టీ పడింది. ఆ పట్టీతోనే మళ్లీ తుపాకీ ఎత్తింది. 1926 నవంబరు 3న గ్రీన్‌విల్‌లో, పుట్టిన గడ్డమీదే కన్నుమూసింది. ఆ తర్వాత సరిగ్గా 18 రోజులకు ఫ్రాంక్ కూడా వెళ్లిపోయాడు. ఇద్దరినీ పక్కపక్కనే ఉంచారు.

ఆనీ పోయిన 20 ఏళ్లకు, 1946లో న్యూయార్క్‌లో ఆమె కథతో ఒక సంగీత నాటకం వచ్చింది. బ్రహ్మాండంగా ఆడింది. అందులో చివరికి ఏం జరుగుతుందంటే, ప్రేమించిన మగవాడి మనసు నొప్పించకూడదని ఆనీ కావాలనే పందెంలో ఓడిపోతుంది! జనం చప్పట్లు కొట్టారు. నిజంగా జరిగిందేమిటో మనకు తెలుసు. నిజం పందెంలో ఆనీ ఓడలేదు, ఓడినట్టు నటించనూ లేదు. ఓడిన ఫ్రాంక్ ఏమీ చిన్నవాడైపోలేదు. భార్య గెలుపును సుమారు నలభై నాలుగేళ్లపాటు తన చేతులతో మోశాడు.

తూటా చిన్నదైనా ఫరవాలేదు. గురినే కావాలని తగ్గించుకోమంటే మాత్రం... ఆనీ ఒప్పుకునేది కాదు!